తీర్మానం రాయడం, నాలుగో పాఠం: డబ్బెవరిస్తారు?

విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా కూర్చునే నమూనా ఐరాస సభ, అంటే మోడల్ యూఎన్‌లో జనరల్ అసెంబ్లీ కమిటీ, అంశం తాగునీరు. పోయినసారి దీని మీద తీర్మానం పైభాగం, అంటే కారణాలు చెప్పే ప్రియాంబులేటరీ క్లాజులు రాసి పంపమన్నాను. వచ్చినవి చదివాక కింది భాగంలోకి, అంటే ఏం చేయాలో చెప్పే ఆపరేటివ్ క్లాజుల్లోకి నేరుగా వెళ్లడం కుదరదని తేలింది.

సగానికి పైగా డ్రాఫ్టుల్లో పరిష్కారం పైభాగంలోనే దూరిపోయింది. 'డీప్లీ కన్సర్న్డ్' (తీవ్రంగా ఆందోళన చెందుతూ) అని మొదలుపెట్టి, పల్లెల్లో నీళ్లు బాగాలేవని చెప్పి, అదే ఊపులో ప్రతి దేశం ఫిల్టర్ ప్లాంట్లు పెట్టాలని ముగించారు. పెట్టాలి, చేయాలి, ఇవ్వాలి అన్న మాట వచ్చిందంటే అది కిందికి పోవాల్సిందే. ఈ విషయాన్ని సభ ఎందుకు పట్టించుకోవాలో చెప్పడమే పైభాగం పని. ఐరాస మూల ఒప్పందమైన చార్టర్, పాత తీర్మానాలు, ఒకటి రెండు వాస్తవాలు చాలు. అక్కడ నంబర్లు వద్దు, ప్రతి క్లాజూ కామాతో ముగియాలి. నంబర్లు, సెమీకోలన్లు ఆపరేటివ్‌కే. ఫుల్‌స్టాప్ చిట్టచివర ఒక్కటే.

2010 జులై 28న ఆమోదించిన 64/292 తీర్మానం తీసి చూడండి. తాగునీరు, పారిశుద్ధ్యం మానవ హక్కు అని గుర్తించింది అదే. పైన ప్రస్తావనల వరుస చాలా పొడవు, కింద ఆపరేటివ్ క్లాజులు మాత్రం మూడే. ఒకటి హక్కును గుర్తిస్తుంది. రెండోది నిధులు, సాంకేతికత అందించమని దేశాలనూ అంతర్జాతీయ సంస్థలనూ కోరుతుంది. మూడోది ఏటా నివేదిక వచ్చే ఏర్పాటును స్వాగతిస్తుంది. అనుకూలంగా 122 ఓట్లు పడ్డాయి, 41 దేశాలు తటస్థంగా ఉన్నాయి, ఎవరూ వ్యతిరేకించలేదు. క్లాజులు ఎక్కువుంటే సభ నడిపే చెయిర్ మెచ్చుకుంటారన్న భ్రమ ఉంటే వదిలేయండి.

నేనైతే కింది భాగమే ముందు రాసి, దానికి సరిపడా పైభాగం తర్వాత పెడతాను. మరి పైభాగం ముందెందుకు నేర్పారంటారా? కాగితం మీద అది ముందుంటుంది కాబట్టి.

ఫాంటు, మార్జిన్లు, స్పాన్సర్‌కీ సిగ్నేటరీకీ తేడా మీ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. ఆంక్షల జోలికి మాత్రం పోకండి. సభ్యదేశాలను కట్టిపడేసే ఆంక్షలు చార్టర్ 41వ అధికరణ కింద భద్రతా మండలి పని.

ఇక అసలు గొడవ. 'కొత్త సంస్థను స్థాపించి, ప్రపంచ బ్యాంకు నిధులతో నడపాలి.' ఈ క్లాజు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. సంస్థ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'హోప్' అనో 'ఆక్వా' అనో రావాలని, కలిసి డ్రాఫ్టు రాసే దేశాల బ్లాక్ మొత్తం అరగంట కొట్టుకుంటుంది. డబ్బు దగ్గరికొచ్చేసరికి రెండు మాటలతో సరి.

ప్రపంచ బ్యాంకు జనరల్ అసెంబ్లీ జేబులో పర్సు కాదు. దానికి సొంత బోర్డు ఉంది. ఫలానా రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు సొంతంగా తేల్చుకుంటుందని ఐరాసతో 1947లో కుదిరిన ఒప్పందంలోనే ఉంది. పైగా అది ఎక్కువగా ఇచ్చేది అప్పు, తీర్చాల్సింది ఆ పేద దేశమే. ఐఎంఎఫ్ అని మార్చి రాసినా లాభం లేదు. అది విదేశీ చెల్లింపుల కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పిచ్చే సంస్థ, బోర్లు వేయించదు. ఐరాస సొంత బడ్జెట్ నుంచి తీసుకోవాలంటే జనరల్ అసెంబ్లీలో బడ్జెట్ చూసే ఐదో కమిటీ దాటాలి.

కొత్త సంస్థ పెట్టనే కూడదని కాదు. 1946 డిసెంబరులో 57వ తీర్మానంతో యూనిసెఫ్‌ను పెట్టింది జనరల్ అసెంబ్లీయే. కానీ డబ్బు ఎక్కడిదో ఆ తీర్మానమే చెప్పింది: యుద్ధానంతర సహాయ సంస్థ ఉన్రా దగ్గర మిగిలిన ఆస్తులు, ప్రభుత్వాలూ వ్యక్తులూ ఇచ్చే విరాళాలు. భారత్ ముందుండి నడిపిన యోగా దినోత్సవ తీర్మానం 69/131 కూడా ఖర్చంతా స్వచ్ఛంద విరాళాల నుంచే రావాలని చెప్పింది. ఒక రోజు ప్రకటించడానికే ఆ లెక్క ఉంటే, మీ అంతర్జాతీయ జల సంస్థకు ఉండొద్దా?

మనకు తెలిసిన సంగతితోనే ఒక క్లాజు చూడండి. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. తూర్పు ఆఫ్రికాలోనూ ఫ్లోరైడ్ బెడద ఉంది, ఈ పద్ధతిని అక్కడా వాడి చూశారు. కాబట్టి ఇలా రాయొచ్చు: 'ఫ్లోరైడ్ తొలగింపులో అనుభవమున్న సభ్యదేశాలు, నల్గొండ పద్ధతి వంటివాటిలో శిక్షణను, ఎదురైన ఇబ్బందుల సమాచారంతో సహా, యూనిసెఫ్ ప్రస్తుత నీటి కార్యక్రమాల ద్వారా బాధిత దేశాలకు అందించాలని ఆహ్వానిస్తుంది, ఖర్చు స్వచ్ఛంద విరాళాల నుంచి.' ఎవరు, ఏం, ఎవరి ద్వారా, ఏ డబ్బుతో అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. ఎప్పటిలోగా అన్నది కావాలనే వదిలేశాను, మీరు చేర్చండి.

అభ్యాసం: అదే అంశం మీద నాలుగు ఆపరేటివ్ క్లాజులు రాయండి. కొత్త సంస్థ ఉండకూడదు, ప్రపంచ బ్యాంకు పేరు రాకూడదు. మీరు పని అప్పగించే ప్రతి సంస్థకూ ఆ పని చేసే అధికారం ఏ తీర్మానం ఇచ్చిందో వెతికి పక్కన రాయండి. తర్వాత ఇథియోపియా డెలిగేట్‌గా కూర్చుని, ఆ నాలుగింటిలో మీ దేశానికి పనికిరాని క్లాజు ఏదో గుర్తించి, దాన్ని కొట్టేయమని ఒక నిమిషం ప్రసంగం రాయండి. రెండూ కలిపి పంపండి. సవరణల పాఠం ఆ ప్రసంగాల నుంచే మొదలుపెడతాను.