ఇప్పుడేం చదువుతున్నావ్ అని అడిగితే ఏం చెప్పాలి?

ఎవరైనా ఈ ప్రశ్న అడగగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. పుస్తకం పేరు చెప్పి, "సూపర్‌గా ఉంది, తప్పకుండా చదువు" అని తోక తగిలిస్తాం. అవతలివాళ్లు "అవునా, చదువుతాను" అంటారు, చదవరు. మనమూ వాళ్లు చెప్పినవి చదవం, అది వేరే సంగతి. నేను ఏళ్ల తరబడి ఇలాగే చెప్పాను, ఓ ముప్ఫై నలభై పుస్తకాలైనా అందరి నెత్తినా రుద్ది ఉంటాను, వాటిలో ఎవరైనా చివరిదాకా చదివినవి ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టొచ్చు. లోపం పుస్తకాల్లో లేదు, నేను చెప్పే తీరులోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

ముందు రెండు పనుల్ని విడదీయండి. చదువుతున్నది చెప్పడం వేరు, చదవమని చెప్పడం వేరు. మొదటిది కబురు. రెండోది ఎదుటి మనిషి టైమ్ అడగడం. మూడొందల పేజీల పుస్తకం అంటే మామూలు వేగంతో చదివేవాళ్లకి ఆరేడు గంటలైనా పడుతుంది, తీరిక దొరికినప్పుడల్లా కాస్త కాస్త చదివేవాళ్లకైతే అది రెండు మూడు వారాల సంగతి. అంత అడుగుతున్నప్పుడు "సూపర్‌గా ఉంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం ఏం న్యాయం?

కబురు చెప్పడం తేలిక, అక్కడ ఎవరికీ ఏ బాధ్యతా లేదు. పుస్తకం పేరు, రచయిత పేరు, ఎక్కడిదాకా వచ్చారు, ప్రస్తుతం మిమ్మల్ని పట్టి లాగుతున్నదేంటి, ఇంతే. పుస్తకం పూర్తయ్యేదాకా ఆగాల్సిన పనే లేదు. నిజానికి మధ్యలో ఉన్నప్పుడు చెప్పే మాటే బాగుంటుంది, ఎందుకంటే పూర్తయ్యాక మనం విమర్శకులమైపోతాం, మధ్యలో ఉన్నప్పుడు మాత్రం ఇంకా పాఠకులమే. నేను ఒక స్నేహితుడికి ఈమధ్య పంపిన మెసేజ్ చూడండి: "140వ పేజీలో ఉన్నా. తమ్ముడు ఉత్తరం దాచేశాడు, అన్నకి తెలిసిపోయిందని నా అనుమానం, ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. గత యాభై పేజీలుగా ఇదే. విసుగ్గానూ ఉంది, వదలబుద్ధీ కావట్లేదు." నేను చదవమని ఒక్క ముక్క అనలేదు. అయినా పావుగంటలో "పేరేంటి?" అని వచ్చింది.

ఇక్కడో చిన్న చిక్కు. ఫోన్‌లోనో కిండిల్‌లోనో చదివేటప్పుడు అక్షరాల సైజు పెంచితే స్క్రీన్లు మారతాయి కాబట్టి మీ 140, వాళ్ల 140 ఒకటే కాకపోవచ్చు. శాతమో, అధ్యాయమో చెప్పండి. ఆడియోబుక్ అయితే చదివేవాళ్ల గొంతు ఎలా ఉందో కూడా చెప్పాలి. గొంతు నచ్చక నేను పదో నిమిషంలో ఆపేసిన మంచి పుస్తకాలు చాలానే ఉన్నాయి.

ఇక చదవమని చెప్పడం. ఎక్కువమంది పుస్తకం దగ్గర మొదలెడతారు, మొదలెట్టాల్సింది మనిషి దగ్గర. ఇదేం నేను కనిపెట్టింది కాదు. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో ఐదు సూత్రాలు రాసిపెట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ వాటిలో రెండిటిని ఇందుకే కేటాయించారు: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఆయన అసలు లెక్కల మాస్టారు, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ అయ్యారు. అందుకేనేమో ఆ రెండు సూత్రాలూ సమీకరణానికి రెండు వైపుల్లా ఉంటాయి. నాలుగో సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది: పాఠకుడి సమయం ఆదా చెయ్యి. మనం "తప్పకుండా చదువు" అన్నప్పుడల్లా సరిగ్గా దీనికి ఉల్టా చేస్తాం.

మనిషి దగ్గర మొదలెట్టడం అంటే "నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడగడం కాదు. ఆ ప్రశ్నకి అందరూ అబద్ధమే చెప్తారు, కావాలని కాదు, తాము ఎలాంటి పాఠకులైతే బాగుంటుందో అది చెప్తారు. చరిత్ర, తత్వం, క్లాసిక్స్ అంటారు. జరిగిన సంగతి అడగండి. మా మేనకోడలితో నా సంభాషణ ఇలా నడిచింది.

"మామయ్యా, ఏదైనా మంచి పుస్తకం చెప్పు."

"ఈమధ్య చివరిదాకా చదివిందేంటి?"

"ఏం లేదు. అన్నీ సగంలోనే."

"సరే, సగంలో ఆగినవాటిలో ఎక్కువ దూరం వెళ్లిందేది?"

కాసేపు ఆలోచించి, ఎవరో పర్వతారోహకుడి అనుభవాలంది. సాహసాలు కావాలన్నమాట అనుకుని నేను నోరు తెరవబోయాను. అదృష్టం, ఇంకో ప్రశ్న అడిగాను: ఎక్కడ ఆపేశావ్? "కొండెక్కడం మొదలెట్టాక బోర్ కొట్టింది మామయ్యా. అంతకుముందు బాగుంది, సామాన్లు సర్దుకోవడం, ఎవరికి ఎవరితో పడదో, టెంట్‌లో ఒకడు గురక పెడుతున్నాడని గొడవ, అదంతా."

చూశారా. ఆ పిల్లకి కొండతో పనిలేదు, టెంట్‌తోనే పని. ఇరుకు చోట ఇరుక్కున్న మనుషులు కావాలి. ఒకే ఇంట్లో అద్దెకుండే నలుగురి మధ్య నడిచే చిన్న నవల ఒకటి ఇచ్చాను, అందులో ఎవరూ వీధిలోకి అడుగుపెట్టే సీనే దాదాపు లేదు. నాలుగు రోజుల్లో పూర్తిచేసింది. మొదటి జవాబు విని ఊరుకుని ఉంటే ఇంకో సాహసయాత్ర అంటగట్టేవాణ్ణి, అదీ సగంలోనే ఆగేది, "నాకు చదవడం చేతకాదు" అని ఆ పిల్ల ఇంకాస్త గట్టిగా నమ్మేది.

అమెరికాలో నాన్సీ పెర్ల్ అని ఒక లైబ్రేరియన్ దీన్నే చక్కగా చెప్పారు. పుస్తకంలోకి వెళ్లడానికి నాలుగు తలుపులుంటాయట: కథ, పాత్రలు, స్థలకాలాలు, భాష. ఒక్కో పుస్తకంలో ఒక్కో తలుపు పెద్దది. ఒక్కో పాఠకుడు ఒక్కో తలుపు గుండా వెళ్లడానికి ఇష్టపడతాడు. "తర్వాతేమైందో తెలీక నిద్రపట్టలేదు" అన్నారంటే కథ తలుపు. "ఆ ముసలావిడ మా పెద్దమ్మే అనుకో" అంటే పాత్రలు. "ఆ ఓడరేవులో తిరిగొచ్చినట్టుంది" అంటే స్థలం. ఒక వాక్యం చదివి వినిపించి, మళ్లీ చదివి వినిపించారంటే భాష. మీ స్నేహితుడు పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ఏ తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడో గమనిస్తే చాలు, సగం పని అయిపోయినట్టే. నాది భాష తలుపు. అందుకే నేను చెప్పినవి మా ఇంట్లో ఎవరూ చదివేవాళ్లు కాదు, వాళ్లంతా కథ తలుపు మనుషులు. వాక్యం ఎంత అందంగా ఉంటే ఏం, వంద పేజీలైనా ఏమీ జరక్కపోతే వాళ్లకెందుకు?

కాబట్టి ఎవరికైనా చదవమని చెప్పేటప్పుడు, ఎందుకు నచ్చిందో ఒకటే కారణం చెప్పండి, కానీ అది ఈ తలుపుల్లో ఏదో ఒకదానికి అతికేలా ఉండాలి. "హృదయాన్ని తాకుతుంది" అన్నది కారణం కాదు, అది ఏ పుస్తకం వెనక అట్ట మీదైనా సరిపోతుంది. "మొదటి యాభై పేజీలు నత్తనడక, తర్వాత ఒక్క రాత్రిలో అయిపోతుంది" అన్నది కారణం. "చాప్టర్లు రెండేసి పేజీలే, బస్సులో చదువుకోవచ్చు" అన్నది ఇంకా మంచి కారణం.

దాంతోపాటు ఒక హెచ్చరిక. ఇది చాలామంది మర్చిపోతారు, నేనూ మర్చిపోయే గట్టి దెబ్బ తిన్నాను. ఒకసారి ఆఫీసులో తోటి ఉద్యోగి "తేలిగ్గా ఉండేది ఏదైనా చెప్పండి" అని అడిగారు. తేలిగ్గా, సరదాగా సాగే నవల ఒకటి ఇచ్చాను. నిజంగానే సరదాగా సాగుతుంది, కాకపోతే మూడో వంతు దగ్గర తల్లి ఆసుపత్రిలో చనిపోతుంది, ఓ ఇరవై పేజీలు. నా బుర్రలో ఆ ఇరవై పేజీలు ఎప్పుడో చెరిగిపోయాయి, జోకులే మిగిలాయి. ఆయన తల్లి పోయి అప్పటికి రెండు నెలలు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ఏమీ అనలేదు, థాంక్స్ అన్నారంతే. బుక్‌మార్క్ మూడో వంతు దగ్గర ఉంది. అప్పట్నుంచీ, ఇచ్చేముందు పుస్తకం ఒకసారి తిరగేస్తాను. చావు, హింస, పసిపిల్లలకి ఏదైనా జరగడం, ఇలాంటివి ఉంటే ముందే ఒక్క మాట చెప్తాను. చెప్తే కథ తెలిసిపోదా అంటారేమో. తెలిస్తే తెలిసింది. ఈ స్పాయిలర్ల భయం మనకి కాస్త ఎక్కువే అనిపిస్తుంది నాకు. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 చిన్న కథలతో ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్లు మొత్తమ్మీద కథల్ని కాస్త ఎక్కువగానే ఇష్టపడ్డారని తేలింది. తర్వాతి పరిశోధనలు కొన్ని దీనికి ఎదురు చెప్పాయనుకోండి. అలాగని హంతకుడి పేరు చెప్పెయ్యమని కాదు. ఎంతవరకు చెప్పొచ్చో తేలనప్పుడు నేను పాటించే కొలత ఇది: మొదటి ఐదో వంతులో జరిగేది ఏదైనా చెప్పొచ్చు, తర్వాతది అడిగితేనే.

ఒకసారికి ఒకటే పుస్తకం చెప్పండి. పది పేర్లు రాసిస్తే అవతలి మనిషి దాన్ని ఫొటో తీసుకుంటాడు, ఆ ఫొటో కరెంటు బిల్లుల మధ్య ఎక్కడో పడి ఉంటుంది. మరీ మనసాగకపోతే రెండు, అదీ "బుర్రకి పని కావాలంటే ఇది, వద్దంటే అది" అని తేడా చెప్పి.

అనువాదాలైతే అనువాదకుల పేరు తప్పకుండా చెప్పాలి. ఒకే నవలకి మూడు నాలుగు అనువాదాలున్నప్పుడు, మీకు నచ్చిన పుస్తకమూ వాళ్ల చేతికొచ్చిన పుస్తకమూ ఒకటి కాకపోవచ్చు. ఒకటి పూర్తి అనువాదం, ఇంకోటి సంక్షిప్తం అయితే ఇక చెప్పేదేముంది, రెండూ వేరే పుస్తకాలే. అనుమానం లేకుండా ఉండాలంటే వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరుండే ఐఎస్‌బీఎన్ నంబర్ పంపండి. 2007 నుంచి అది 13 అంకెలు, అంతకుముందు 10. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, గట్టి అట్టకి ఇంకోటి ఉంటుంది కాబట్టి ఏ ముద్రణో ఇట్టే తేలిపోతుంది. సీరీస్ అయితే ఎన్నోదో, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి. పీడీఎఫ్ ఉందా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాలా దేశాల్లో రచయిత పోయాక కూడా కనీసం 50 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, కాబట్టి బతికున్న రచయిత పుస్తకాన్ని పీడీఎఫ్‌గా పంచుతూ ఆయన్ని పొగడటం నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది. లైబ్రరీలో ఉందేమో చూడమనండి, లేదా మీ కాపీ ఇవ్వండి. ఇచ్చాక తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి, పరహస్తం గతం గతః అని ఊరికే అనలేదు.

ఇచ్చేటప్పుడే, నచ్చకపోతే వదిలెయ్యమని కూడా చెప్పండి. నాన్సీ పెర్ల్ లెక్కే దీనికీ ఉంది: యాభై పేజీలు చూడండి, పట్టకపోతే మూసెయ్యండి. మీ వయసు యాభై దాటితే, వందలోంచి వయసు తీసెయ్యగా మిగిలినన్ని పేజీలు చాలు. అంటే డెబ్భై ఏళ్లవాళ్లు ముప్ఫై పేజీలకే లేచిపోవచ్చు. ఈ లెక్క చెప్పి ఇస్తే మనుషులు పుస్తకం తెరవడానికి జంకరు. మొహమాటమే అసలు అడ్డు, మీరిచ్చారు కాబట్టి పూర్తిచెయ్యాలనుకుని, అదో హోంవర్క్ అయిపోయి, చివరికి అసలు మొదలే పెట్టరు.

ఎవరైనా మీకు చెప్పినవి రాసుకునేటప్పుడు పుస్తకం పేరు పక్కన చెప్పినవాళ్ల పేరు, వాళ్లన్న మాట కూడా రాసుకోండి. నా ఫోన్‌లో ఉన్న లిస్టులో ఒకప్పుడు అన్నీ ఉత్త పేర్లే, ఏది ఎందుకు రాసుకున్నానో నాకే గుర్తులేదు, అన్నీ తీసేశాను. ఇప్పుడు "చిన్నక్క, రైల్లో ఏడ్చేసిందట" అని ఉంటుంది పక్కన. ఆ ముక్క చూస్తే పుస్తకం వెతకబుద్ధేస్తుంది. చదివాక ఆ మనిషికే ముందు కబురు పెట్టండి. నచ్చకపోయినా పెట్టండి, ఏది నచ్చలేదో చెప్తే మీకు ఏది సరిపడుతుందో వాళ్లకి అప్పుడే తెలుస్తుంది.

మీరు చెప్పినదాని గురించి మాత్రం "చదివావా?" అని వెంటపడొద్దు. ఒక్కసారి కూడా అడక్కపోతే ఇంకా మంచిది. పైన చెప్పానే, ఉత్తరం దాచిన తమ్ముడి నవల, పావుగంటలో పేరు అడిగిన ఆ స్నేహితుడు ఆ తర్వాత ఐదు నెలలు దాని ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మొన్న రాత్రి పదకొండున్నరకి మెసేజ్ వచ్చింది: "162. అన్నకి తెలుసు కదా? చెప్పకు. తెలుసు కదా?"

ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను.