ల్యాప్ టైమ్ చూసి మోసపోకుండా 2026 ఫార్ములా వన్ టెస్టింగ్‌ను చదవడం ఎలా

2019లో సీజన్‌కు ముందు జరిగే బార్సిలోనా టెస్టింగ్ ముగిసేసరికి ల్యాప్ టైమ్‌ల జాబితాలో పైనున్నది ఫెరారీ. ఫెరారీ డ్రైవర్ వెటెల్ 1:16.221, మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్ 1:16.224. తేడా సెకనులో వెయ్యో వంతులు మూడు. ఈ ఏడు ఫెరారీదే అని దాదాపు అందరూ తేల్చేశారు. తొలి రేసు జరిగిన మెల్‌బోర్న్‌లో బొటాస్ తన మెర్సిడెస్‌తో 20 సెకన్లకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. వెటెల్ 57 సెకన్లు వెనకబడి నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ సీజన్ మొదటి ఐదు రేసుల్లోనూ మొదటి రెండు స్థానాలు మెర్సిడెస్‌వే.

జాబితాలో అంకెలు అబద్ధం చెప్పలేదు. వాటిని చదివిన తీరు తప్పు. ఏ కారులో ఎంత ఇంధనం ఉందో, ఇంజన్‌ను ఏ స్థాయిలో నడిపారో బయటివాళ్లకు ఎవరూ చెప్పరు. పైగా టెస్టింగ్‌లో కారు బరువు తూచి అనర్హత వేటు వేసేవాళ్లు కూడా లేరు. కాబట్టి పైపై అంకెను పక్కన పెట్టి, దాచడానికి వీల్లేనివి ఏవో వాటిని పట్టుకోవాలి.

ముందు తేదీలు

జనవరి 26 నుంచి 30 వరకు బార్సిలోనాలో తలుపులు మూసి నడిపే పరీక్షలు. ఐదు రోజుల్లో ఒక్కో జట్టుకు మూడు రోజులే ట్రాక్ మీదికి వచ్చే అవకాశం. అక్కడి నుంచి బయటికొచ్చే టైమింగ్‌లు సగం పుకార్లు. ఎవరు ఎన్ని ల్యాప్‌లు తిప్పారన్నది మాత్రం రాసి పెట్టుకోండి. ఫిబ్రవరి 11–13, 18–20 తేదీల్లో బహ్రెయిన్. అసలు పని అక్కడే. తర్వాత రేసులు: మార్చి 6–8 మెల్‌బోర్న్, 13–15 షాంఘై, 27–29 సుజుకా.

బహ్రెయిన్‌లో రోజు సాధారణంగా అక్కడి ఉదయం 10 గంటలకు మొదలై సాయంత్రం 7కు ముగుస్తుంది, మధ్యలో గంట విరామం. మన గడియారంలో మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 9:30 వరకు. రోజంతా చూసే తీరిక లేకపోతే రాత్రి 7:30 నుంచి చూడండి, చాలు. రేసుకు దగ్గరగా ఉండే వాతావరణం అప్పుడే. ఎండ దిగి ట్రాక్ చల్లబడుతుంది, టైర్లు నిలుస్తాయి, వేగమైన ల్యాప్‌లు అప్పుడే పడతాయి. మధ్యాహ్నం ఎండలో వేసిన ల్యాప్‌ను రాత్రి ల్యాప్‌తో పోల్చడం టెస్టింగ్ చూసేవాళ్లు చేసే మొదటి తప్పు.

ఈసారి మారినవి: చూపును మార్చేవి మాత్రమే

నిబంధనల చిట్టా పెద్దది. టెస్టింగ్ చూడటానికి అందులో కొన్నే పనికొస్తాయి. కారు చిన్నదైంది: కనీస బరువు 768 కిలోలు, అంటే 2025 కంటే 32 కిలోలు తక్కువ. వెడల్పు 1900 మిల్లీమీటర్లు. ముందు కారుకు దగ్గరగా ఉన్నవాళ్లే వెనక రెక్క తెరిచే డీఆర్ఎస్ పోయింది. దాని స్థానంలో ముందు, వెనక రెక్కలు రెండూ కదులుతాయి. నిర్దేశించిన స్ట్రెయిట్‌లలో, అంటే మలుపుల్లేని తిన్నటి భాగాల్లో, ముందు కారుతో దూరం ఎంతున్నా ప్రతి డ్రైవరూ రెక్కలు తెరవచ్చు. కాబట్టి రెక్క తెరుచుకుంది కాబట్టే ఆ టైమ్ వచ్చిందన్న పాత లెక్క ఇక చెల్లదు.

అసలు మార్పు ఇంజన్‌లో. 1.6 లీటర్ల వీ6 టర్బో ఉంది, ఎగ్జాస్ట్ వేడిని కరెంటుగా మార్చే ఎంజీయూ-హెచ్ లేదు. వెనక చక్రాలకు శక్తినిచ్చే ఎలక్ట్రిక్ మోటారు ఎంజీయూ-కే 120 కిలోవాట్ల నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. మొత్తం శక్తిలో దాదాపు సగం ఇప్పుడు బ్యాటరీదే. బ్యాటరీలో ఒక విడతకు వాడుకోదగ్గది సుమారు 4 మెగాజౌళ్లు. 350 కిలోవాట్ల చొప్పున లాగితే 11 సెకన్ల పైచిలుకులో ఖాళీ. ల్యాప్ మాత్రం నిమిషంన్నర. అంటే ల్యాప్ పొడవునా నింపుకుంటూ, ఖర్చు పెట్టుకుంటూ పోవాలి. ఈ పని ఎవరు బాగా చేస్తారన్నదే ఈ సీజన్ మొదటి ప్రశ్న. దానికి జవాబు జాబితాలో కనిపించదు, స్ట్రెయిట్ చివర్లో కనిపిస్తుంది.

రాసుకోవాల్సినవి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. వరుసకో స్టింట్, అంటే పిట్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లేదాకా నడిపిన ల్యాప్‌ల గుంపు. నిలువు గడులు: జట్టు, డ్రైవర్, గంట, టైర్ రకం, ల్యాప్‌ల సంఖ్య, ప్రతి ల్యాప్ టైమ్, మెయిన్ స్ట్రెయిట్ గరిష్ఠ వేగం, గమనిక.

టైర్ రకం దగ్గర జాగ్రత్త. అన్నిటికంటే గట్టి సి1 నుంచి అన్నిటికంటే మెత్తటి సి5 వరకు ఐదు రకాలు, రంగులు మాత్రం మూడే. పక్కగోడ రంగు చూసి సరిపెట్టుకుంటే రకం తప్పుతుంది. టైమింగ్ జాబితాలో సి3, సి4 అని ఉంటే అదే రాయండి. ఒక మెట్టు మెత్తటి టైరుకు మారితే ల్యాప్‌కు సుమారు అర సెకను కలిసొస్తుంది, ట్రాక్‌ను బట్టి అటూ ఇటూ. సి3 మీద మూడో స్థానంలో ఉన్న కారు సి5 మీద మొదటి స్థానంలో ఉన్న కారు కంటే వేగమైనది కావచ్చు.

ఇంధనం లెక్క ఇంకా మొండిది. 10 కిలోల ఇంధనం ల్యాప్‌కు సుమారు 0.3 సెకను తినేస్తుంది. ఒక జట్టు 30 కిలోలు ఎక్కువ వేసుకుని తిరిగితే 0.9 సెకను పోయినట్టే. ముందు వరుసలోని నాలుగైదు జట్ల మధ్య అసలు తేడా అంతకంటే తక్కువే ఉండొచ్చు. ఒకే ఒక్క ల్యాప్ చూసి ఎవరు ముందో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఉదయం పూట కార్ల మీద పెద్ద జల్లెడల్లాంటి చట్రాలు, ఆకుపచ్చ రంగు పూత కనిపిస్తే ఆ స్టింట్‌ను లెక్కలోంచి తీసేయండి. గాలి ఎలా పారుతోందో కొలవడానికి స్థిరమైన వేగంతో నడిపే ల్యాప్‌లవి. అప్పుడు జట్టు అడుగున ఉందంటే ఏమీ కాదు. అలాగే రోజు చివరి పదిహేను నిమిషాల్లో ఒకే ఒక్క ల్యాప్ వేసి పైకెక్కిన టైమ్ కూడా. స్పాన్సర్లను సంతోషపెట్టడానికి ఇంధనం తగ్గించి వేసే ల్యాప్‌లు కొత్తేమీ కాదు.

పొడవైన స్టింట్‌ను ఎలా లెక్కకట్టాలి

నమ్మదగిన సమాచారం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. బహ్రెయిన్ రేసు 57 ల్యాప్‌లు, ఒక్కో ల్యాప్ 5.412 కిలోమీటర్లు. ఒక జట్టు మధ్యలో టైర్లు మారుస్తూ ఏకబిగిన 55–57 ల్యాప్‌లు నడిపితే అది రేసు అనుకరణ. మొదట్లో ఇంధనం నిండుగా ఉండక తప్పదు, మధ్యలో నింపడానికి వీల్లేదు. ఇంధనాన్ని దాచే దారి ఇక్కడ ఇరుకవుతుంది.

మొదట బయటికొచ్చే ల్యాప్, లోపలికొచ్చే ల్యాప్ తీసేయండి. చుట్టుపక్కల ల్యాప్‌ల కంటే సెకనున్నరకు పైగా మందగించిన ల్యాప్‌నూ తీసేయండి. ట్రాఫిక్కో, పసుపు జెండానో అయి ఉంటుంది. మిగిలినవాటికి సగటు కంటే మధ్యస్థ విలువ (వరుసగా పేర్చితే నడుమ వచ్చేది) మేలు, ఒకటి రెండు చెడ్డ ల్యాప్‌లు దాన్ని లాగేయలేవు.

ఆ తర్వాత టైరు అరుగుదల. ఇవి ఊహించిన అంకెలు: 15 ల్యాప్‌ల స్టింట్‌లో మొదటి ల్యాప్ 1:38.40, చివరిది 1:39.31. తేడా 0.91 సెకను, మధ్యలో 14 అంగలు, ల్యాప్‌కు 0.065 చొప్పున మందగించినట్టు. ఇక్కడితో ఆగితే తప్పు. ప్రతి ల్యాప్‌కూ కారు తేలికవుతోంది. ల్యాప్‌కు 1.5 కిలోల ఇంధనం ఖర్చయిందనుకుంటే, కిలోకు 0.03 చొప్పున 0.045 సెకను వేగం పెరగాలి. అది పెరగకపోగా మందగించింది. కాబట్టి అసలు అరుగుదల 0.065, 0.045 కలిపి ల్యాప్‌కు 0.11. ఇదే టైరు రకం మీద, ఇదే గంటలో పక్క జట్టుకు 0.07 వస్తే, 20 ల్యాప్‌ల స్టింట్ చివరికి ఆ కారు ల్యాప్‌కు 0.8 సెకను మేలు. రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో వెనకున్నా రేసులో అది ముందుకొస్తుంది.

ఒక హెచ్చరిక. 2025 వరకు రేసు ఇంధన పరిమితి 110 కిలోలు. కొత్త ఇంజన్ అంతకంటే బాగా తక్కువ తాగుతుంది. పాత సీజన్ల స్ప్రెడ్‌షీట్‌లోని ఇంధన సవరణను అలాగే వాడితే టైర్ అరుగుదల లేనిపోనిదిగా ఎక్కువ కనిపిస్తుంది.

ల్యాప్‌ల సంఖ్య, ఇంజన్ల వారీగా

2014లో కూడా ఇంజన్ మొత్తం మారింది. జెరెజ్ టెస్టింగ్‌లో నాలుగు రోజుల్లో మెర్సిడెస్ 309 ల్యాప్‌లు తిప్పింది, రెడ్ బుల్ 21. ఆ ఏడాది 19 రేసుల్లో 16 మెర్సిడెస్ గెలిచింది. మిగిలిన మూడూ డ్రైవర్ రికార్డోతో రెడ్ బుల్ గెలిచి జట్ల పట్టికలో రెండో స్థానంలో నిలిచిందన్నదీ గుర్తుంచుకోవాలి. ల్యాప్‌ల సంఖ్య మొదటి రెండు మూడు రేసుల కష్టాన్ని బాగా చెబుతుంది, సీజన్ ముగింపును అంతగా చెప్పదు.

ఈసారి ల్యాప్‌లను జట్లవారీగా కాకుండా ఇంజన్లవారీగా కూడండి. మెర్సిడెస్ ఇంజన్ నాలుగు జట్లకు: మెర్సిడెస్, మెక్‌లారెన్, విలియమ్స్, ఆల్పీన్. ఫెరారీది మూడింటికి: ఫెరారీ, హాస్, కొత్తగా వచ్చిన కాడిలాక్. రెడ్ బుల్ ఫోర్డ్ రెండింటికి: రెడ్ బుల్, రేసింగ్ బుల్స్. హోండా ఆస్టన్ మార్టిన్‌కు మాత్రమే, ఆడి తన జట్టుకు మాత్రమే. ఒకే ఇంజన్ వాడే నాలుగు కార్లలో ఒకటే ఆగిపోతే తప్పు బహుశా ఆ జట్టుది, గొట్టాలో వైరింగో శీతలీకరణో. నాలుగూ ఒకే రోజు గ్యారేజీలో కూర్చుంటే తప్పు ఇంజన్‌ది. హోండా, ఆడిల విషయంలో ఈ పోలిక కుదరదు. నేర్చుకోవడానికి వాటికి దొరికే కిలోమీటర్లూ తక్కువే. కష్టం వస్తే బయటపడటానికి ఎక్కువ కాలం పట్టేది అక్కడే అని మా అంచనా.

కళ్లతో, చెవులతో

బహ్రెయిన్ మెయిన్ స్ట్రెయిట్ కిలోమీటరు పైనే. కారు చివరి 200 మీటర్లలో ఇంకా వేగం పుంజుకుంటోందా, లేక బ్రేక్ వేయకముందే అంకె కిందికి జారుతోందా చూడండి. పెడల్ పూర్తిగా నొక్కి ఉండగానే వేగం పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టు, లేదా ఇంజన్ శక్తిని బ్యాటరీకి మళ్లిస్తున్నట్టు. ఒక ల్యాప్‌లో కనిపిస్తే పట్టించుకోవద్దు. వరుసగా పది ల్యాప్‌ల్లో ఒకే చోట కనిపిస్తే రాసుకోండి.

10వ మలుపు దగ్గర కెమెరా ఉన్నప్పుడు వదలొద్దు. 9 నుంచి వంపులోనే బ్రేక్ వేస్తూ దిగాలి, ఎడమ ముందు చక్రం మీద భారం తగ్గి అది బిగుసుకుపోతుంది. మంచి కారు కూడా అక్కడ అప్పుడప్పుడు పొగ లేపుతుంది. ప్రతి ల్యాప్‌లోనూ లేపే కారులో బ్రేక్‌కూ, బ్యాటరీ నింపే మోటారుకూ పొత్తు కుదరలేదు. వెనక ఇరుసు మీద 350 కిలోవాట్ల మోటారు బ్రేక్‌లా పనిచేస్తున్నప్పుడు ఆ పొత్తు కుదర్చడం చిన్న పని కాదు.

సెషన్ చివర్లో చేసే స్టార్ట్ సాధనను చాలామంది చూడరు. ఈసారి చూడండి. టర్బోను తిప్పే ఎంజీయూ-హెచ్ లేకపోవడంతో కదలకముందు ఇంజన్‌ను ఎక్కువసేపు రేజ్ చేయాల్సి వస్తుంది. నిలబడి బయల్దేరేటప్పుడు 50 కిలోమీటర్ల వేగం దాటేదాకా ఎలక్ట్రిక్ మోటారు సాయమూ ఉండదు. ఏ కారు తడబడుతుందో, ఏది బాణంలా వెళ్తుందో మెల్‌బోర్న్ మొదటి మలుపుకు ముందే తెలిసిపోతుంది.

బహ్రెయిన్ లెక్కను మెల్‌బోర్న్‌కు అంటగట్టొద్దు

బహ్రెయిన్‌లో గట్టి బ్రేకింగ్ చోట్లు ఎక్కువ, బ్యాటరీ నిండటం తేలిక. మెల్‌బోర్న్ ట్రాక్ ఆల్బర్ట్ పార్క్ 5.278 కిలోమీటర్లు, 6వ మలుపు దాటాక 11వ మలుపు వరకు పెద్ద బ్రేకింగ్ లేదు. నింపుకునే వీలు తక్కువ, ఖర్చు ఎక్కువ. బహ్రెయిన్‌లో హాయిగా తిరిగిన కారు మెల్‌బోర్న్‌లో ఊపిరాడక ఇబ్బంది పడొచ్చు. అందుకే శుక్రవారం రెండో ప్రాక్టీస్‌లో మొదట చూడాల్సింది 11వ మలుపు ముందు వేగం.

రేసులో ముందు కారుకు సెకను లోపున్నవాళ్లకు ఓవర్‌టేక్ మోడ్ దొరుకుతుంది. మామూలుగా 290 కిలోమీటర్ల వేగం దాటాక ఎలక్ట్రిక్ శక్తి తగ్గుతూ పోతుంది. ఓవర్‌టేక్ మోడ్‌లో 337 వరకు పూర్తి 350 కిలోవాట్లూ అందుతాయి. దాటేసిన కారు తర్వాతి స్ట్రెయిట్‌లో మళ్లీ వెనకబడితే ఆశ్చర్యపోవద్దు, బ్యాటరీ ఖర్చు పెట్టేసి ఉంటుంది.

22 కార్లు కాబట్టి క్వాలిఫయింగ్‌లో మొదటి విడతలో ఆరుగురు, రెండో విడతలో ఆరుగురు వెళ్లిపోతారు, చివరి విడతకు పది మంది.

మెల్‌బోర్న్ రేసు మొదలయ్యేది అక్కడి మధ్యాహ్నం 3కు, హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 9:30. లండన్‌లో తెల్లవారుజామున 4. డల్లాస్‌లో శనివారం రాత్రి 10, న్యూజెర్సీలో రాత్రి 11. అమెరికాలో అదే రాత్రి 2 గంటలకు గడియారాలు ముందుకు జరుగుతాయి. మెల్‌బోర్న్‌కు ఇబ్బంది లేదు, రేసు ఆలోపే అయిపోతుంది. తర్వాతి వారం షాంఘై రేసు టైమ్‌ను మాత్రం పాత తేడాతో లెక్కేస్తే గంట ముందే లేచి కూర్చుంటారు. అది న్యూజెర్సీలో తెల్లవారుజామున 3కు, మన దగ్గర మధ్యాహ్నం 12:30కు.