కొత్త జీసీసీతో కట్టిన ప్రోగ్రామ్ నడవట్లేదా? ముందు ఎల్‌డీడీ కొట్టండి

ఉబుంటు 22.04 మీద జీసీసీ 14 కంపైలర్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి, ఆప్ట్ ఫోల్డర్ కింద ఇన్‌స్టాల్ చేశారు. సీ ప్లస్‌ప్లస్‌లో ఒక హలో వరల్డ్ రాశారు. కంపైల్ అయింది, లింక్ అయింది, ఒక్క వార్నింగ్ కూడా లేదు. రన్ చేస్తే మాత్రం జీఎల్‌ఐబీసీఎక్స్ఎక్స్ 3.4.32 (సీ ప్లస్‌ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీ లోపలి వెర్షన్ ముద్ర) దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పని, బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టడం. గంటలు గడుస్తాయి, అదే ఎర్రర్ మళ్లీ పలకరిస్తుంది.

అసలు బిల్డే పూర్తి కాకపోతే అది వేరే సంగతి. జీసీసీకి కావాల్సిన లెక్కల లైబ్రరీలు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లేవంటే, సోర్స్‌లోని కాంట్రిబ్ ఫోల్డర్‌లో వాటిని దింపే స్క్రిప్టు ఉంది, దాన్ని నడపండి. సోర్స్ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేయకండి, పక్కన వేరే ఫోల్డర్ పెట్టుకోండి. మధ్యలో ‘కిల్డ్’ అని పడితే మెమరీ చాలలేదని అర్థం, ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్య తగ్గించండి. లాగ్‌లో చివరి లైన్ కాదు, మొట్టమొదటి ఎర్రర్ చదవండి. ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. మీ బిల్డ్‌లో తప్పేమీ లేదు. లింక్ చేసేటప్పుడు కొత్త కంపైలర్ తన సొంత లైబ్రరీ ఫోల్డర్‌ను తానే లింకర్‌కు చూపిస్తుంది, అందుకే లింక్ సాఫీగా అయిపోతుంది. రన్ చేసే వేళకు ఆ కంపైలర్ ఉండదు, ప్రోగ్రామ్‌నూ దాని లైబ్రరీలనూ మెమరీలోకి తెచ్చే లోడర్ ఒక్కటే ఉంటుంది. మీ ఆప్ట్ ఫోల్డర్ సంగతి దానికి తెలియదు. సీ ప్లస్‌ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీ కోసం సిస్టమ్‌లో వెతికి, అక్కడున్న పాతదాన్ని పట్టుకుంటుంది. 2004లో వచ్చిన జీసీసీ 3.4 నుంచి ఈ లైబ్రరీ పేరు చివర ‘ఎస్‌ఓ 6’ అనే ఉంది కాబట్టి పేరు కలుస్తుంది. లోపలి వెర్షన్ కలవదు. ఉబుంటు 22.04లో ఉన్నది 3.4.30 దాకే.

హలో వరల్డ్‌కు అంత కొత్తది ఎందుకు? జీసీసీ 13 నుంచి, తెర మీద రాయడానికి వాడే ఐఓస్ట్రీమ్‌ను మొదలుపెట్టే పని లైబ్రరీలోకే వెళ్లింది. ఆ ఫంక్షన్‌కు 3.4.32 ముద్ర ఉంది. అంటే ఐఓస్ట్రీమ్ హెడర్ పెట్టిన ప్రతి ప్రోగ్రామూ దాన్ని అడుగుతుంది. అది లేని ప్రోగ్రామ్ అదే మెషీన్ మీద హాయిగా నడుస్తుంది. దాంతో తప్పు తమ కోడ్‌లోనే ఉందనుకుని వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ నడిపి, స్టాండర్డ్ లైబ్రరీ ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో చూడండి. పది సెకన్ల పని. ఇది చేయకుండా సాయం అడగొద్దని బోర్డు పెట్టాలనిపిస్తుంది నాకు.

సిస్టమ్ ఫోల్డర్ చూపిస్తే, లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ (లైబ్రరీని ఎక్కడ వెతకాలో ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టే దారి) ఇవ్వండి. ఇచ్చేది లిబ్ ఫోల్డర్ కాదు, లిబ్64. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద జీసీసీ తన లైబ్రరీని అక్కడే పెడుతుంది. లిబ్ అని ఇస్తే లోడర్ ఏమీ అనదు, చప్పుడు చేయకుండా మళ్లీ పాతదానికే పోతుంది. వేరే మెషీన్‌కు పంపాల్సిన ఒంటరి ప్రోగ్రామ్ అయితే ఆ లైబ్రరీని స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రామ్ ఫైల్‌లోనే, కలిపేయండి.

ఆర్‌పాత్ సరిగ్గానే ఇచ్చినా అదే ఎర్రర్ వస్తోందా? నన్ను రెండు రోజులు తిప్పింది ఇదే. ఆర్‌పాత్ ఇచ్చామనుకుంటాం గానీ, ఉబుంటు లింకర్ దాన్ని ‘రన్‌పాత్’ రూపంలో రాస్తుంది. లోడర్ మొదట ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్ చూసి, ఆ తర్వాతే రన్‌పాత్ దగ్గరికి వస్తుంది. నా మెషీన్‌లో ఎప్పుడో వేసిన ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్, టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే నా బ్యాష్ ఫైల్‌లో ఒక లైన్ చేర్చి ఆ వేరియబుల్‌ను నింపేసింది. ఆ ఫోల్డర్‌లో దాని సొంత పాత లైబ్రరీ ఉంది. వెతికేటప్పుడు లోడర్ పేరు మాత్రమే చూస్తుంది. పేరు కలిసిన మొదటి ఫైల్ పట్టుకున్నాకే వెర్షన్ చూస్తుంది, సరిపోకపోతే అక్కడితో ఆగిపోతుంది, ఇంకోచోట వెతకదు. పక్క సీటు కుర్రాడి మెషీన్‌లో నడిచేది, నా దగ్గర నడిచేది కాదు. ఎల్‌డీ డీబగ్ వేరియబుల్‌కు ‘లిబ్స్’ అని పెట్టి రన్ చేస్తే లోడర్ ఎక్కడెక్కడ వెతికిందో వరసగా చెప్పింది. ఆ లైన్‌ను బ్యాష్ ఫైల్ నుంచి తీసి, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే చిన్న స్క్రిప్టులో పెట్టాను, ఎర్రర్ పోయింది.

కొత్త లైబ్రరీని సిస్టమ్ ఫైల్ మీదికి కాపీ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చేయకండి. ఆ కాపీ తేడా కొడితే ప్యాకేజీలు దింపే ఏపీటీ కూడా లేవదు, అది కూడా సీ ప్లస్‌ప్లస్ ప్రోగ్రామే. దాని కింద ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ సీలో రాసింది కాబట్టి బతికి ఉంటుంది. పాత ప్యాకేజీ ఫైల్ చేతిలో ఉంటే దానితో బయటపడొచ్చు.

డీబగ్గర్ జీడీబీలో వెక్టర్, మ్యాప్ లోపలి పాయింటర్లతో చిందరవందరగా కనిపిస్తే, దానికి కూడా ఈ ఆప్ట్ ఫోల్డరే కారణం. వాటిని అందంగా చూపించే పైథాన్ ఫైల్ లైబ్రరీ పక్కనే ఉంటుంది, కానీ జీడీబీ తను నమ్మే ఫోల్డర్లలో ఉన్నవాటినే లోడ్ చేస్తుంది. జీడీబీ ఇనిట్ ఫైల్‌లో ఆటోలోడ్ సేఫ్ పాత్‌కు మీ ఫోల్డర్ చేర్చండి. డీబగ్ సమాచారం రాసే ఫార్మాట్ డ్వార్ఫ్ వెర్షన్ 5 తప్పని అరిస్తే మీ జీడీబీ పాతది. జీసీసీ 11 నుంచి అదే డిఫాల్ట్. జీడీబీని మార్చండి, లేదా డ్వార్ఫ్ 4తో కంపైల్ చేయండి.

బిల్డ్ ప్రతిసారీ ఒక్కోచోట సెగ్‌ఫాల్ట్ అవుతుంటే ర్యామ్ టెస్ట్ చేయించండి. అలాంటిది నాకు ఒక్కసారే ఎదురైంది.