బెంగళూరులో పోలీసు ఆపితే ఏం మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి

ముందు ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోండి. ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వం మీద పనిచేసేవి, అంటే పోలీసు, కార్పొరేషన్, ఆర్టీవో లాంటి వాళ్ల మీద. పీజీ ఓనరు పదింటికే గేటు వేసేసినా, మీ పోస్టు చూసి హెచ్‌ఆర్ పిలిపించినా ఆర్టికల్ 19 (మాట్లాడే, తిరిగే స్వేచ్ఛ) అని వాదించి లాభం లేదు, అక్కడ పనికొచ్చేది అగ్రిమెంటు, అడ్వాన్స్ రసీదు, ఆఫర్ లెటర్. అంటరానితనం సంగతి వేరు, ఆర్టికల్ 17 ప్రైవేటు మనిషినీ వదలదు.

ఇక మనవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది రాత్రి చెకింగ్. మడివాళ దగ్గరో మారతహళ్లి బ్రిడ్జి దగ్గరో బారికేడ్ పెట్టి ఆపితే బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, "ఏను విషయ సార్?" అని కన్నడలో అడగండి, సగం వేడి అక్కడే చల్లారుతుంది. లైసెన్సు, ఆర్సీ చూపించాల్సిందే. డిజిలాకర్‌లోవి చెల్లుతాయి, గ్యాలరీలో దాచుకున్న ఫోటో చెల్లదు. తాగినట్టు అనుమానం వచ్చి ఊదమంటే ఊదాలి, నాకు హక్కుంది ఊదను అని మొండికేస్తే వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు.

ఫోన్ అన్‌లాక్ చేసి వాట్సాప్ చూపించమంటే మాత్రం తొందరపడి ఇవ్వకండి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం చెప్పింది, ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జే. 2021లో అదే హైకోర్టు, నిందితుడు పాస్‌వర్డ్ ఇవ్వనంటే పోలీసులు కోర్టుకెళ్లి సెర్చ్ వారెంట్ తెచ్చుకోవచ్చని చెప్పింది, మరీ అత్యవసరమైతే కారణాలు రాసిపెట్టి వెతకొచ్చని కూడా అంది. కాబట్టి "కేసు ఉందా సార్? వారెంట్ ఉంటే చూపించండి" అని మెల్లగా అడగండి, అంతే. లాక్కున్నా తిరిగి గుంజుకోవద్దు, పెనుగులాట మొదలైతే డ్యూటీకి అడ్డొచ్చారని కొత్త కేసు పడుతుంది. టైము, స్టేషన్ పేరు, నేమ్ ప్లేట్ మీది పేరు, హొయ్సళ (పోలీసు గస్తీ) బండి నంబరు గుర్తుపెట్టుకోండి, తర్వాత కంప్లైంట్‌కి బలం అదే.

"స్టేషన్‌కి రా, మాట్లాడదాం" అన్నప్పుడు అడగాల్సింది ఒకటే: అరెస్టా, నోటీసా? నోటీసైతే కాగితం మీద ఇవ్వమనండి. అరెస్టైతే కారణం చెప్పాలి, మీ వాళ్లకి కబురు పెట్టాలి, నచ్చిన లాయర్‌ని సంప్రదించనివ్వాలి, దారి సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇదంతా రాజ్యాంగంలోని ఆర్టికల్ 22, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం కలిపి ఇచ్చేది. కానీ గూండా యాక్ట్ లాంటి ముందస్తు నిర్బంధం (నేరం చేయొచ్చన్న అనుమానంతో ముందే పట్టి ఉంచడం) కింద పట్టుకుంటే ఆ 24 గంటల లెక్క వర్తించదు, అదీ రాజ్యాంగంలోనే రాసుంది. అమ్మాయిలని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మామూలుగా అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా ఆఫీసరు మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

ధర్నా చేయాలంటే ఫ్రీడమ్ పార్కే, ఒకప్పటి సెంట్రల్ జైలు అది, పర్మిషన్ కూడా కావాలి. నచ్చని రూలు అనిపిస్తే కోర్టు దారి ఉంది. 2019 డిసెంబరులో నగరమంతా పెట్టిన 144 సెక్షన్‌ని 2020లో హైకోర్టు చెల్లదనేసింది, కాకపోతే అప్పటికి ఆ మూడు రోజులూ ఎప్పుడో అయిపోయాయి. పోస్టుల విషయానికొస్తే, ఆన్‌లైన్ పోస్టులకి కేసు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ 2015లోనే పోయింది కదా అని ధీమాగా ఉండకండి, మతాల మధ్య చిచ్చు పెట్టే ఫార్వర్డ్‌కి వేరే సెక్షన్లు ఉన్నాయి.

లాయర్‌కి డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి జీతం ఎంతున్నా లాయర్ ఉచితమే.