రేకు అవతలి వైపు: వానాకాలపు హెవీ చెక్కులకు ముందు విమాన షీట్ మెటల్ పనివారికి జాగ్రత్తలు

మన దేశంలో జులై నుంచి సెప్టెంబరు దాకా విమాన ప్రయాణికుల రద్దీ తగ్గుతుంది. వేసవి సెలవులు ముగిసి, దసరా, దీపావళి ఇంకా రాని ఆ మూడు నెలల్లో విమానాన్ని వారాల తరబడి హ్యాంగరులో నిలబెట్టి చేసే పెద్ద తనిఖీలను పెట్టుకోవడం విమానయాన సంస్థలకు అనుకూలం. ఆరేళ్ళ చెక్కుకో పన్నెండేళ్ళ చెక్కుకో వచ్చిన ఎయిర్‌బస్ ఏ320 విమానంలో సీట్లు, నేల పలకలు, గ్యాలీలు (విమానపు వంటగదులు), టాయిలెట్లు అన్నీ విప్పాక బయటపడే తుప్పు, పగుళ్ళు, సొట్టలు షీట్ మెటల్ వారి వాటాకు వస్తాయి. పని నేర్చుకుని ఈ సీజనులో తొలిసారి శంషాబాదు హ్యాంగర్లలో అడుగుపెట్టే కుర్రవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. అనుభవం ఉన్నవారికి ఇందులో కొత్తవి తక్కువే గాని, తెలిసి తెలిసి వదిలేస్తున్నవి కొన్ని కనిపించవచ్చు.

ఈ పనిలో మనిషికి దెబ్బ తగలడానికైనా, విమానానికి హాని జరగడానికైనా నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటే: చేతిలో ఉన్న రేకుకు అవతల ఏముందో చూడకుండా పని మొదలుపెట్టడం. అవతల వైర్ల కట్ట ఉండవచ్చు, హైడ్రాలిక్ గొట్టం ఉండవచ్చు, ఇంధనపు ఆవిరి నిండిన ట్యాంకు ఉండవచ్చు, బకింగ్ బారు (రివెట్టు కొట్టేటప్పుడు దాని రెండో చివరకు ఆనించే బరువైన లోహపు దిమ్మ) పట్టుకుని కూర్చున్న తోటి మనిషి ముఖం ఉండవచ్చు. డ్రిల్లు మొన రేకును దాటే క్షణంలో చేతి బరువంతా ఒక్కసారిగా ముందుకు తూలుతుంది కాబట్టి, లోతును ఆపే స్టాపు బిగించని డ్రిల్లు ఎంత దూరం లోపలికి దిగుతుందో పట్టుకున్నవాడికే తెలియదు. అందుచేత మొదటి రంధ్రానికి ముందే లేచి అవతలికి వెళ్ళి దీపం వేసి చూడాలి, మనిషి పట్టని చోటైతే బోరోస్కోపు (సందుల్లోకి దూర్చి చూసే పరికరం) అడగాలి. వైర్ల కట్ట అడ్డం ఉంటే దాన్ని జరపడానికి విమానపు ఎలక్ట్రానిక్స్ చూసే ఏవియానిక్స్ వారిని పిలవాలి తప్ప క్లాంపు మనమే విప్పకూడదు, ఎందుకంటే పని కార్డులో రాయకుండా విప్పినదాన్ని తిరిగి బిగించడం ఎవరికీ గుర్తుండదు.

డ్రిల్లు పట్టిన చేతికి గ్లౌజు ఉండకూడదు, ఉంగరం ఉండకూడదు, తిరుపతి నుంచో అజ్మీరు నుంచో తెచ్చి మణికట్టుకు కట్టుకున్న దారం కూడా ఉండకూడదు. దారం తీయమంటే చాలామంది నొచ్చుకుంటారు. అలాంటివారు దాన్ని విప్పి జేబులో భద్రంగా పెట్టుకోవచ్చు, చొక్కా చేతుల కింద దాచితే మాత్రం డ్రిల్లు మొనను పట్టి తిరిగే చక్‌కు అది చిక్కదన్న హామీ లేదు. రేకు మోసేటప్పుడు ఈ నియమం తిరగబడుతుంది: డీబరింగ్ చేయని, అంటే అంచు గరుకు తీయని, 2024 రకం అల్యూమినియం మిశ్రమపు రేకు అంచు బ్లేడుకేమీ తీసిపోదు కాబట్టి అప్పుడు కోత తట్టుకునే గ్లౌజు లేకుండా ముట్టుకోకూడదు. రెక్క కింద నిలబడి తల పైకెత్తి డ్రిల్లు చేసేవారికి మామూలు కళ్ళద్దాలు చాలవు. పక్కలు మూసుకున్న గాగుల్స్ పెట్టుకోవాలి, కంట్లో తురుము పడితే నలపకుండా కన్ను కడిగే చోటికి నడిపించమని పక్కవారిని అడగాలి.

పాత రివెట్లు తీయడాన్ని కొత్తవారు చిన్న పనిగా చూస్తారు, కానీ మరమ్మతు చెడేది ఎక్కువగా అక్కడే. మనం ఎక్కువగా వాడే ఏడీ రకం రివెట్టు తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో మొన ఆనించి, కాడ వ్యాసాన్ని మించని డ్రిల్లుతో, తల మందం వరకే దించి ఆపాలి. ఆ తరువాత పంచుతో తలను విరిచి, అవతల ఆసరా పెట్టించి కాడను మెల్లగా తట్టి తీయాలి. ఆసరా లేకుండా కొడితే పలుచని స్కిన్ (విమానపు పైరేకు) లోపలికి వంగుతుంది. కాడనంతా డ్రిల్లుతోనే తొలిచేయాలని చూస్తే రంధ్రం కోడిగుడ్డులా సాగి, దానికి పెద్ద సైజు రివెట్టు కావలసి వచ్చి, ఆ సైజుకు అంచు దూరం చాలక పని ఇంజినీరింగు విభాగం బల్ల మీదికి చేరుతుంది. మామూలు రివెట్టుకు రంధ్రం మధ్య నుంచి రేకు అంచు దాకా కనీసం వ్యాసానికి రెండింతలు, తల లోపలికి దిగే కౌంటర్‌సంక్ రివెట్టుకు రెండున్నర ఇంతలు ఉండాలన్న లెక్కను మనసులో ఉంచుకున్నవాడు మొదటి రంధ్రం దగ్గరే నెమ్మదిస్తాడు.

రివెటింగు ఇద్దరి పని. గన్ను పట్టినవాడికి తల కనిపిస్తుంది, బకింగ్ బారు పట్టినవాడికి తోక, అంటే కొట్టినకొద్దీ పరుచుకునే రెండో చివర, కనిపిస్తుంది, మధ్యలో రేకు ఉండటం వల్ల ఒకరికొకరు కనిపించరు, ఆ మోతలో మాట వినిపించదు. అందుకే బారుతో రేకు మీద తట్టే సంకేతాలు పుట్టాయి. చాలాచోట్ల ఒకసారి తడితే ఇంకా కొట్టమనీ, రెండుసార్లు తడితే రివెట్టు కుదిరిందనీ, మూడుసార్లు తడితే చెడింది, తీసేయమనీ అర్థం. కానీ ఇది అందరికీ ఒక్కటి కాదు. నా తొలి సీజనులో వేరే హ్యాంగరు నుంచి వచ్చిన జతగాడితో ఒక రాత్రి పనికి కూర్చున్నప్పుడు, అతని లెక్కలో ఒక తట్టు అంటే ‘కుదిరింది’ అని అడగకపోవడం వల్ల, బాగా కుదిరిన పదకొండు రివెట్లను నేను మళ్ళీ మళ్ళీ కొట్టి అప్పడాల్లా పరిచేశాను, తెల్లవారేదాకా ఇద్దరం కూర్చుని వాటిని తీశాం. తోక వెడల్పు కాడ వ్యాసానికి ఒకటిన్నర ఇంతలు, ఎత్తు సగం ఉండాలన్న కొలతను గేజితో చూడటం ఎంత అవసరమో, పని మొదలయ్యే ముందు సంకేతాలను నోటితో చెప్పుకోవడం కూడా అంతే అవసరం.

రివెట్ గన్ను చిన్నదిగా కనిపించినా, పట్టి ఉంచే స్ప్రింగు లేకుండా ట్రిగ్గరు నొక్కితే రివెట్టు తల మీద ఆనే దాని సెట్టు తూటాలా దూసుకుపోతుంది. స్ప్రింగు ఉన్నా సరే, చెక్కకో పనికో ఆనించకుండా గాలిలో నొక్కకూడదు, మనిషి వైపు చూపకూడదు, సెట్టు మార్చేముందు గాలి గొట్టం ఊడదీయాలి. అదే గాలి గొట్టంతో బట్టల మీది తురుము ఊదుకోవడం ఎన్నిసార్లు చెప్పినా పోని అలవాటు. ఒత్తిడిగల గాలి గాయం గుండా రక్తంలోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి చీపురు, వాక్యూమ్ ఉన్నప్పుడు దాని జోలికి వెళ్ళవద్దు.

మోత సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ నష్టం కనిపించదు, తిరిగి రాదు. మన ఫ్యాక్టరీ నియమాలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాకా అనుమతిస్తాయి. పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికాలోని నియోష్ సంస్థ 85నే హద్దుగా పెట్టి, 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలకు మించి ఉండవద్దంటుంది. ఖాళీ చేసిన విమానపు పొట్టలో కూర్చుని రివెటింగు చేయడం డప్పు లోపల కూర్చోవడం లాంటిది, మోత ఆ 100ను తేలికగా దాటుతుంది. చెవిలో ప్లగ్గు, పైన మఫ్ రెండూ పెట్టుకోవాలి, అదే క్యాబిన్‌లో వైర్లు చూసుకుంటున్నవారికి కూడా ముందుగా చెప్పి పెట్టించాలి. చేతులకు అందే కంపనం వల్ల వేళ్ళు తెల్లబడి మొద్దుబారే జబ్బు చలి దేశాల్లో తొందరగా బయటపడుతుంది. మన వేడిలో తెల్లదనం కనిపించక, రాత్రి నిద్రలో వేళ్ళ తిమ్మిరిగానే మొదలుకావచ్చు కాబట్టి ఆ తిమ్మిరిని నిద్ర భంగిమ మీదికి తోసేయకుండా వైద్యుడికి చెప్పాలి.

ఈ సీజనులో ఎక్కువ రోజులు గడిచేది గ్యాలీల కింద, టాయిలెట్ల కింద. ఏళ్ళ తరబడి ఒలికిన టీ, పళ్ళ రసాలు, నీలి రంగు టాయిలెట్ ద్రవం నేల పలకల అతుకుల్లోంచి దిగి అడ్డదూలాల మీద ఆరుతాయి. పలక ఎత్తగానే తెల్లటి, బూడిదరంగు పొడి కనిపిస్తే అది అల్యూమినియం తుప్పు. పైపైన రుద్దితే పోయే పొడి ఒక రకం, తడిసి ఆరిన పుస్తకం పుటల్లా లోహం పొరలు పొరలుగా ఉబ్బడం మరో రకం, ఈ రెండోది కంటికి కనిపించిన దానికంటే లోతుగా ఉంటుంది. ముందుగా క్రిమిసంహారకంతో శుభ్రం చేయించి, మాస్కు, నైట్రైల్ గ్లౌజులు వేసుకున్నాకే చేయి పెట్టాలి. ఇనుప బ్రష్షు, ఉక్కు పీచు వాడకూడదు, ఎందుకంటే వాటి సన్నని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి. పెన్సిలుతో గీత గీయడం కూడా అలాంటి పొరపాటే, గ్రాఫైటుకు అల్యూమినియానికి పొసగదు. తుప్పు తీసిన చోట మిగిలిన మందం ఎంతో కొలిచి, స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ హద్దులతో పోల్చకముందు ‘ఇంకాస్త రుద్దితే నున్నగా అవుతుంది’ అన్న ఆశకు లొంగకూడదు.

పాత ప్రైమరు (రంగుకు ముందు లోహం మీద వేసే పూత) పసుపుగా, ఆకుపచ్చగా ఉంటే అందులో క్రోమేటు ఉందనే భావించాలి. హెక్సావలెంట్ క్రోమియం మనుషుల్లో క్యాన్సరు కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. పొడిగా గీకకుండా తడిపిగానీ వాక్యూమ్ తగిలించిన సాండరుతోగానీ రుద్దాలి, ముఖానికి సరిగ్గా అతికే ఫిల్టరు మాస్కు వేసుకోవాలి, గడ్డం పెంచినవారికి అది అతకదని గుర్తుంచుకోవాలి, ఆ యూనిఫారాన్ని ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. అల్యూమినియానికి తుప్పు పట్టకుండా పూసే అలోడైన్ అనే రసాయనాన్ని తుడిచిన గుడ్డలు ఎండితే అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని నీటితో జాడించాకే కేటాయించిన డబ్బాలో వేయాలి. శుభ్రం చేయడానికి వాడే ఎంఈకే అనే ద్రావకం ఆవిరి సున్నా డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలోనే నిప్పందుకునేంతగా లేస్తుంది. దాన్ని మంచినీళ్ళ సీసాలో పోసిపెట్టిన మనిషిని ఎంత సన్నిహితుడైనా ఉపేక్షించవద్దు.

ఇంధనపు ట్యాంకులోకి దిగే పని అనుమతి పత్రం లేకుండా జరగదు. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందని, ఆవిరి నిప్పందుకునే హద్దులో పదో వంతుకు లోపే ఉందని కొలిచి చూపాకే దిగాలి, బయట కాపలా మనిషి ఉండాలి. లోపలివాడు పడిపోతే ఆ కాపలా మనిషి ఒంటరిగా దూకకుండా సహాయక బృందాన్ని పిలవాలి.

వానకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. తడి బూట్లతో డాకింగ్ (విమానం చుట్టూ నిలబెట్టే పని వేదిక) మెట్లెక్కవద్దు. డాకింగుకు, విమానానికి మధ్య ఖాళీని మూసే పలకలు బయటికి లాగి ఉన్నాయో లేదో చూసుకోవాలి. గాలి లైనులో చేరిన నీరు రోజూ ఉదయం వదలకపోతే అది గన్నులోకీ, ప్రైమరు వేయబోయే రేకు మీదికీ వస్తుంది. ఉట్టి అల్యూమినియాన్ని తేమలో రాత్రంతా వదలకుండా ఆ షిఫ్టులోనే అలోడైన్, ప్రైమరు ముగించేలా పనిని పంచుకోవాలి. పాలీసల్ఫైడ్ సీలెంటు డబ్బా మీద బి-2 అని ఉంటే రెండు గంటల పని సమయమని అర్థమే గాని, ఆ రెండు గంటలు 25 డిగ్రీల వేడికి, 50 శాతం తేమకు చెప్పిన లెక్క. ఐదారు డిగ్రీలు పెరిగితే అది దాదాపు సగానికి పడిపోతుంది, ఎక్కువ తేమ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. జులైలో హ్యాంగరు తలుపులు తీసి ఉన్నప్పుడు గడియారాన్ని నమ్మకుండా, కలిపిన సీలెంటులో కొంచెం పక్కన పెట్టి తీగసాగడం మొదలైందేమో చూస్తుండాలి.

స్కిన్ పలకలు విప్పేముందు విమానం బరువు ఎక్కడ ఆని ఉందో ఇంజనీరును అడగాలి. మాన్యువల్ చెప్పిన ఆధారాలు పెట్టకుండా విప్పితే ఫ్రేములు జరిగి, తిరిగి బిగించే రోజున రంధ్రాలు కలవవు.

చేతి పని తప్పితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1978లో ఒసాకాలో తోక నేలకు రాసుకున్న ఒక బోయింగ్ 747కు వెనక ప్రెషర్ బల్క్‌హెడ్ (క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే గోడ) మరమ్మతు చేసినప్పుడు, ఒకే ముక్కగా ఉండవలసిన అతుకు పలకను రెండుగా కోసి వేయడంతో భారం ఒక్క వరస రివెట్ల మీద పడింది. 1985 ఆగస్టు 12న అది తెగి జపాన్ ఎయిర్‌లైన్స్ 123లో 520 మంది చనిపోయారు. 2002 మే 25న చైనా ఎయిర్‌లైన్స్ 611 కూలి 225 మంది పోవడానికి మూలం, 1980లో అదే రకం తోక దెబ్బకు చేసిన మరమ్మతులో గీతలను తొలగించకుండా పైన డబులరు (బలానికి వేసే రెండో రేకు) వేసి కప్పేయడం. 1988 ఏప్రిల్ 28న పైకప్పు ఊడిన అలోహా 737లో పగుళ్ళు మొదలైనది, పలుచని రేకులో కౌంటర్‌సంక్ కోత కత్తి అంచులా మిగిల్చిన రివెట్టు రంధ్రాల దగ్గర. కాబట్టి కౌంటర్‌సంక్ లోతును ముందు పనికిరాని రేకు ముక్క మీద సరిచూసుకోండి, గీతలు స్క్రైబరుతో (పదునైన మొనగల గీత పరికరంతో) గీయకండి, గీత పడితే దాచకుండా చెప్పండి.

తెల్లవారుజామున కళ్ళు మూతపడే వేళలో షిఫ్టు మారేటప్పుడు సగం వేసిన రివెట్ల వరసను నోటిమాటగా అప్పగించవద్దు. ఎన్ని వేశారో, ఏ రంధ్రం పెద్దదైందో, ఏ క్లీకో (రేకులను తాత్కాలికంగా పట్టే పిన్ను) ఎందుకు మిగిలిందో కాగితం మీద రాసి, తరువాతివారిని ఆ చోటికే తీసుకెళ్ళి చూపించాలి. పలక మూసే ముందు లోపల దీపం వేసి తురుము, రివెట్టు తోకలు, మరచిన బకింగ్ బారు లేవని చూసుకుని, పనిముట్లను వాటి ఆకారపు గూళ్ళలో పెట్టే షాడో బోర్డులో ఖాళీ గూడు మిగలలేదని లెక్కపెట్టుకున్నాకే స్టాంపు కోసం ఇనస్పెక్టరును పిలవాలి.