మామిడిలో పండు ఈగ: ఉచ్చు ముందే కట్టండి

మా నూజివీడు వైపు బంగినపల్లి కోతకొచ్చే వేళకి అసలు టెన్షన్ పండు ఈగతోనే. ఇంటి ఈగంత ఉంటుంది. గాజులాంటి రెక్కలు, వీపుకి రెండు పక్కలా పసుపు చారలు. ఆడ ఈగ పక్వానికొస్తున్న కాయ తొక్కలోకి సూదిలాంటి గొట్టం దింపి గుడ్లు పెడుతుంది. పైకి గుండుసూది గుచ్చినంత మచ్చే. అనుమానమొస్తే కోసి చూడండి. గుజ్జు కుళ్లి తెల్లటి పురుగులుంటాయి, కొన్నయితే ఒళ్లు వంచి ఎగిరి దూకుతాయి కూడా.

పురుగు లోపల చేరాక ఏ మందు కొట్టినా దండగే. కాయ రాలాక అది మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది. అందుకే రాలిన కాయల్ని రోజూ ఏరి 2 అడుగుల లోతు గోతిలో పూడ్చాలి. చాలామంది గట్టు మీద కుప్ప పోస్తారు, అది ఈగల్ని మేపడమే.

కోతకి నెలన్నర ముందే ఎకరానికి 4 లేదా 5 మిథైల్ యూజినాల్ (వాసనతో ఈగల్ని లాగే ఎర) ఉచ్చులు మనిషి ఎత్తులో, నీడపట్టున కొమ్మలకి కట్టండి. వీటిలో పడేవి మగ ఈగలే. జత దొరక్క ఆడవాటి సంతతి తగ్గుతుంది. పక్క తోటవాళ్లు కూడా కడితేనే ఫలితం బాగుంటుంది. కాకర, దోస పాదులకి వచ్చే ఈగ వేరు, దానికి ఈ ఎర పనిచేయదు. దానికైతే షాపులో క్యూ ల్యూర్ అనే ఎర అడగండి.