లోఫోటెన్ జాలర్ల ఊలు తొడుగు 'షోవొట్' ఎలా అల్లాలి?

నార్వే అల్లిక అనగానే అందరూ నక్షత్రాలూ చుక్కలూ ఉన్న స్వెట్టర్లనే తలుచుకుంటారు. సముద్రం మీద చేతుల్ని కాపాడింది మాత్రం ఏ డిజైనూ లేని షోవొట్. అంటే సముద్రపు చేతి తొడుగు. స్క్రేయి అనే కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటా చలికాలంలో బారెంట్స్ సముద్రం నుంచి నార్వే ఉత్తర తీరంలోని లోఫోటెన్ దీవుల దగ్గరికి వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వేట. ఉప్పు వేయకుండా కర్రల పందిళ్ళ మీద ఎండబెట్టే తోర్ఫిస్క్ అనే ఎండుచేప ఈ వేటలో పట్టిందే. ఆ చేపను పైకి లాగిన చేతులకు ఉన్నవి ఈ తొడుగులే. వాటిని సముద్రపు నీళ్ళలో ముంచి, పిండి, తడిగానే వేసుకునేవారు. మందంగా ముద్దకట్టిన ఊలు తడిసినా వెచ్చదనం వదలదు.

కావలసినవి: లావుపాటి నూరు శాతం ఊలు 150 గ్రాములు (50 గ్రాములకు 70 మీటర్ల దారం ఉండే రకం), రెండు వైపులా మొన ఉండే 6 మి.మీ. అల్లిక సూదులు అయిదు, సబ్బు, కొలత టేపు. లేబుల్ మీద 'సూపర్‌వాష్' అని ఉంటే కొనకండి. అది కుంచించుకుపోకుండా శుద్ధి చేసిన ఊలు, ఎంత రుద్దినా ముద్దకట్టదు. రంగు కూడా వద్దు. గొర్రె రంగే షోవొట్ రంగు.

అల్లిక సులువు. ఆడవాళ్ళకు 36 కుట్లు, మగవాళ్ళకు 40 వేసి గుండ్రంగా అల్లండి. మొదటి 8 సెం.మీ. రెండు సీదా (నిట్), రెండు ఉల్టా (పర్ల్). తర్వాత అంతా సీదాయే. ఇంకో 9 సెం.మీ. అయ్యాక బొటనవేలి కోసం 6 కుట్లు వేరే దారం మీదికి తీసి, వాటి చోట కొత్తగా 6 వేసుకుని సాగండి. చివరి నాలుగైదు సెం.మీ.లో వరసకు 4 కుట్లు తగ్గించి, 8 మిగిలాక దారం లాగి ముడివేయండి. బొటనవేలు 14 కుట్లతో: తీసి ఉంచిన 6, కొత్తగా వేసిన 6, పక్కల ఒక్కొక్కటి. మొత్తం పొడవు ఆడవాళ్ళకు 32, మగవాళ్ళకు 36 సెం.మీ. రావాలి.

చూస్తే రాక్షసుడి చేతికి అల్లినట్టు ఉంటుంది. ఇక్కడే చాలామంది భయపడి కుట్లు తగ్గించేస్తారు, చివరికి అది కుంచించుకుపోయి పిల్లలకు కూడా పట్టదు. తగ్గించకండి.

ఇప్పుడు అసలు పని, ఫెల్టింగ్, అంటే ఊలును కుంచింపజేసి ముద్దకట్టించడం. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే ఊలు వెంట్రుక మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి. ఆ చిక్కు మళ్ళీ విడదు. అందుకే తొందర పనికిరాదు.

చెయ్యి భరించగలిగినంత వేడి నీళ్ళలో సబ్బు కరిగించి తొడుగును నానబెట్టండి. మొదటి అయిదు నిమిషాలు మెత్తగా పిసకండి, గట్టిగా రుద్దొద్దు. పైపొర కాస్త నూగులేచాక బలం పెంచండి. ఏ దిక్కున రుద్దితే ఆ దిక్కున కుంచించుకుంటుంది. పొడవు ఎక్కువైతే నిలువుగా, వెడల్పు ఎక్కువైతే అడ్డంగా రుద్దాలి. మూడు నిమిషాలకోసారి లోపల చెయ్యి పెట్టి రెండు పొరల్నీ విడదీయండి, లేకపోతే అతుక్కుపోతాయి. బొటనవేలిని విడిగా, వేళ్ళ మధ్య పెట్టి నలపండి. అది ఎప్పుడూ వెనకబడుతుంది.

రెండు తొడుగుల్నీ ఒకదాని తర్వాత ఒకటి కాదు, మార్చి మార్చి చేయండి. ఒకటి పూర్తిచేసి రెండోదాన్ని దానికి సరిపోల్చబోయి నేను మొదటి జత పాడుచేసుకున్నాను.

వాషింగ్ మెషీన్‌లో వేస్తే అరగంటలో అయిపోతుందని చెప్పేవాళ్ళున్నారు. మెషీన్‌కు మీ చెయ్యి కొలత తెలియదు. మధ్యలో ఆపి చూసేలోపే మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది. ఇంత ఊలూ ఇన్ని రోజుల అల్లికా దాని చేతిలో పెట్టకూడదు.

ఎప్పుడు ఆపాలి? తడి తొడుగు వేసుకుంటే వేళ్ళ చివర ఒక సెంటీమీటరు ఖాళీ ఉండగానే ఆపేయండి. సరిగ్గా పట్టేదాకా రుద్దొద్దు. జాలర్ల తొడుగు తాడు లాగే కొద్దీ, తడిసే కొద్దీ ఇంకా చిక్కబడేది. మీదీ వాడకంలో అలాగే చిక్కబడుతుంది.

గోరువెచ్చని నీళ్ళలో సబ్బంతా పోయేలా జాడించండి. మెలిపెట్టకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. చేతికి వేసుకుని ఆకారం సరిచేసి, నీడలో పరిచి ఆరబెట్టండి. హీటర్ మీద పెట్టొద్దు. రెండు రోజులు పడుతుంది.